మీ ఇల్లు – మీ కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ నుంచే. బోడుప్పల్ నుంచి నిజాంపేట దాకా అందరి బాధా ఒకటే: చెప్పకుండా పోయే కరెంటు, చెప్పినా పట్టించుకోని ఆఫీసులు. విద్యుత్ పంపిణీలో సెక్షన్ స్థాయి నుంచి పనిచేసి ఇంజనీరుగా రిటైరయ్యాను కాబట్టి మీ ఇంటి వైపు నుంచీ, స్తంభం వైపు నుంచీ రెండూ చూసి జవాబు రాస్తున్నాను. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది బోడుప్పల్‌లో పాత కాలనీ. ఎండలు మొదలయ్యాయంటే రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్యలో కరెంటు పోతుంది. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి అర్ధరాత్రి దాకా. 1912కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు. కాసేపటికి మీ ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వస్తుంది, ఇంట్లో మాత్రం చీకటే. పక్క వీధిలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. రాష్ట్రంలో కరెంటు కొరత లేదంటారు కదా, మరి మాకెందుకీ కర్మ? – కాలనీ సంక్షేమ సంఘం సభ్యుడు, బోడుప్పల్

జవాబు: 2012, 2013 ప్రాంతంలో నగరంలో ఉన్నవాళ్లకు ఆ రోజులు గుర్తుంటాయి. కోతల వేళలు పేపర్లో చూసుకుని వంట, నీళ్లు, పిల్లల చదువు సర్దుకునేవాళ్లం. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు ఉండేవి. అప్పుడు ఉత్పత్తే చాలలేదు, అందుకని ఊరంతటికీ వంతులవారీగా తీసేవారు. ఇప్పుడు మీకు జరుగుతున్నది అది కాదు. పక్క వీధిలో లైట్లు వెలుగుతున్నాయని మీరే రాశారు. లోపం మీ వీధి చివరే ఉందని ఆ మాటతోనే తెలిసిపోతోంది.

33 కేవీ లైను సబ్‌స్టేషన్‌కు వస్తుంది. అక్కడ 11 కేవీకి తగ్గి ఫీడర్లుగా కాలనీల్లోకి బయలుదేరుతుంది. మీ వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని ఇళ్లకు పనికొచ్చే 230 వోల్టులకు దించుతుంది. ఫీడర్ ట్రిప్ అయితే, అంటే తనంతట తానే ఆగిపోతే, చుట్టుపక్కల వీధులన్నీ ఒకేసారి ఆరిపోతాయి. మీ వీధి ఒక్కటే పోతోందంటే తేడా ట్రాన్స్‌ఫార్మర్‌లోనో, దాని కింది ఫ్యూజుల్లోనో, అక్కడి నుంచి మీకొచ్చే తీగలోనో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు కరెంటు మూడు తీగల్లో వస్తుంది, వాటినే ఫేజులంటాం. వీధిలో మూడో వంతు ఇళ్లే పోతుంటే ఒక ఫేజ్ పోయినట్టు.

బోడుప్పల్ లాంటి చోట్ల రెండు వందల గజాల స్థలంలో ఒక డాబా ఇల్లు ఉండేది. దాన్ని పడగొట్టి జీ ప్లస్ త్రీ కట్టారు. ఒక మీటరున్న చోట ఏడెనిమిది మీటర్లు, ప్రతి పడకగదికీ ఒక ఏసీ. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం డాబా ఇళ్ల నాటిదే. 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం. ఒక్కో ఫేజ్ మీద సుమారు 213 ఆంపియర్లు మోస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా నడుస్తున్నప్పుడు ఏడు ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే ఒక ఫేజ్ మీద ముప్పై ఏసీలు నడిస్తే ఆ ఫేజ్ నిండిపోయినట్టే. ఫ్రిజ్‌లూ ఫ్యాన్లూ బోరు మోటార్లూ ఇంకా లెక్కేయనే లేదు. అందరూ భోజనాలు ముగించి పడుకునే తొమ్మిదిన్నరకే మీ ఫ్యూజు కరగడానికి కారణం ఇదే.

వచ్చిన లైన్‌మన్ రాత్రికి మళ్లీ మళ్లీ రాలేక కాస్త లావు తీగ చుట్టి వెళ్తాడు. ఆ పూటకు మీకు ఊరటే. కానీ కరగాల్సిన ఫ్యూజు కరగకపోతే ఆ వేడంతా ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్ట (వైండింగ్) మీద పడుతుంది. మే నెలలో ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఈ లావు తీగే. కాబట్టి రాత్రి వచ్చినవాడితో "ఏదో ఒకటి చేసి వెయ్యి అన్నా" అని దయచేసి అనకండి.

కరెంటు లేదన్న ఫిర్యాదుకు రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు చేయగలిగింది ఫ్యూజు మార్చడం వరకే. మార్చగానే ఆ ఫిర్యాదు మూసేస్తారు. మర్నాడు మళ్లీ మొదలు. మీరు అడగాల్సింది వేరు. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ మించిపోయింది, సామర్థ్యం పెంచండి, లేదా ఇంకొకటి పెట్టండి, ఈలోగా ఫేజుల మధ్య లోడ్ సమంగా పంచండి అని అడగాలి. అది ఫోన్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో తేలదు. మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పేరున అర్జీ రాయండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రాసి ఉండే నంబరు, ఫీడర్ పేరు, కరెంటు పోయిన తేదీలు, పోయిన వేళ, వచ్చిన వేళ, మీకిచ్చిన ఫిర్యాదు నంబర్లు అన్నీ వేయండి. కింద వీలైనన్ని ఇళ్లవాళ్ల సర్వీసు నంబర్లు, సంతకాలు ఉండాలి. "రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో టంగ్ టెస్టర్‌తో మూడు ఫేజుల రీడింగ్ తీసి మాకు రాతపూర్వకంగా తెలపండి" అన్న వాక్యం తప్పకుండా చేర్చండి. టంగ్ టెస్టర్ అంటే తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం. పగలు పదకొండింటికి వచ్చి చూస్తే ఏ ట్రాన్స్‌ఫార్మరైనా బాగున్నట్టే కనిపిస్తుంది. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.

ఇల్లు చీకటిగా ఉండగానే పరిష్కారమైందని మెసేజ్ పంపడం గురించి చాలామంది రాశారు. చదివినప్పుడల్లా నాకు బాధేసింది. నేను పనిచేసిన శాఖ కాబట్టి ఇంకా ఎక్కువ. ఇది చిన్న విషయం కాదు. పైఅధికారి ముందున్న లెక్కల్లో మీ వీధి బాగుపడిపోయినట్టు కనిపిస్తుంది, ఇక కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు డబ్బు ఎందుకు మంజూరు చేస్తారు? అలాంటి మెసేజ్ వస్తే టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. వెంటనే మళ్లీ ఫోన్ చేసి, పాత నంబరు చెప్పి, పని కాకుండానే మూసేశారని కొత్త ఫిర్యాదు రాయించండి. ఒక ఇంటి నుంచి పది ఫోన్లు చేసేకన్నా పది ఇళ్ల నుంచి పది ఫిర్యాదులు నమోదైతేనే లెక్కలోకి వస్తుంది.

చట్టం కూడా మీ వైపే ఉంది. నగరాల్లో మామూలు ఫ్యూజు పోతే నాలుగు పనిగంటల్లో, ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోతే 24 గంటల్లో సరిచేయాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాలు పెట్టింది. ఆ ప్రమాణాలు తప్పితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. ఏఈ దగ్గర కదలకపోతే ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్), ఆపైన డీఈ (డివిజనల్ ఇంజనీర్). అక్కడా కదలకపోతే అదే చట్టం 42వ సెక్షన్ కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసివ్వొచ్చు. అక్కడి ఆదేశం మీకు న్యాయంగా అనిపించకపోతే ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ముద్ర వేయించుకున్న కాపీ, స్క్రీన్‌షాట్లు పనికొచ్చేది అక్కడే.

మీ సంఘం వైపు నుంచి కూడా ఒక పని ఉంది. ప్రతి ఇంటి బిల్లు మీదా కాంట్రాక్టెడ్ లోడ్ అని ఉంటుంది, అంటే ఆ ఇంటికి ఇంత లోడ్ కావాలని సంస్థ దగ్గర రాయించుకున్న అంకె. రెండు ఏసీలు, గీజరు నడిపే ఇళ్లలో కూడా చాలాచోట్ల అది ఒకటి రెండు కిలోవాట్లే ఉంటుంది. మీ వీధికి ఎంత కావాలన్న లెక్కలో ఆ అంకెకూ విలువ ఉంది. రుసుము కట్టి లోడ్ సరిచేయించుకున్న ఇళ్లు ఎక్కువగా ఉంటే మీ అర్జీని పక్కన పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అలాగని లోడ్ తక్కువ రాయించారన్న సాకుతో అర్జీ తీసుకోవడానికి నిరాకరిస్తే ఒప్పుకోవద్దు. అవి రెండు వేర్వేరు విషయాలు.

ప్రశ్న: అమ్మా, మా మామయ్యగారికి ఊపిరితిత్తుల జబ్బు. ఇంట్లోనే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నారు. కరెంటు పోయినప్పుడల్లా నా గుండె ఆగినంత పనవుతోంది. ఇన్వర్టర్ ఉంది గానీ ఎంతసేపు వస్తుందో తెలియదు. రాత్రిళ్లు నిద్ర లేదు. – ఒక కోడలు, మల్కాజ్‌గిరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు దీనికే జవాబు ఫోన్‌లో చెప్పమని పత్రికవారిని అడిగాను, చెప్పారు కూడా. మీలాంటి ఇళ్లు నగరంలో ఇంకా ఉంటాయి కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

ఐదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. ఇళ్లలో సాధారణంగా ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే, ఆ యంత్రం ఒక్కటే నడిపితే, సుమారు మూడు గంటలు వస్తుంది. రెండు మూడేళ్లు వాడిన బ్యాటరీ అయితే అందులో సగం కూడా రాకపోవచ్చు. ఇన్వర్టర్ సైన్‌వేవ్ రకమై ఉండాలి, అంటే లైను కరెంటు లాంటి కరెంటే ఇచ్చేది. ఒక పగటిపూట, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, సిలిండర్ సిద్ధంగా పెట్టుకుని మెయిన్ ఆపి పరీక్షించండి. ఎంతసేపు వచ్చిందో కాగితం మీద రాసి ఇన్వర్టర్‌కు అతికించండి. దాని మీద టీవీ, ఇతర గదుల ఫ్యాన్లు లేకుండా ఎలక్ట్రీషియన్‌తో లైను విడదీయించండి.

ఇన్వర్టర్ ఉన్నా సిలిండర్ ఉండి తీరాలి. ఇళ్లకిచ్చే బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది, నాలుగు లీటర్లయితే ఆరు గంటలు. మామయ్యగారికి ఎంత పెట్టాలో డాక్టరుగారినే అడిగి రాయించుకోండి. రెగ్యులేటర్ బిగించడం ఇంట్లో ఇద్దరికైనా రావాలి. పొయ్యికీ, దేవుడి దగ్గరి దీపానికీ దూరంగా, పడిపోకుండా గోడకు కట్టి ఉంచండి.

మీ ఏఈ ఆఫీసులో డాక్టరు చీటీ కాపీతో ఒక అర్జీ ఇవ్వండి. ఈ సర్వీసు నంబరు ఇంట్లో ఆక్సిజన్ మీద రోగి ఉన్నారు, లైన్ పని కోసం సరఫరా ఆపే ముందు మాకు ఫోన్ చేయండి అని అందులో రాయండి. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కూ, మీ లైన్‌మన్‌కూ ఈ సంగతి తెలిసి ఉండాలి. నేను చూసినంతలో ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నారని తెలిస్తే లైన్‌మెన్ పరుగెత్తి వస్తారు.

ప్రశ్న: మేం బోరబండలో కిరాయికి ఉంటాం. గృహజ్యోతి వల్ల మాకు జీరో బిల్లు వస్తది. మాకు నల్లా నీళ్లు వచ్చిన పూటే కరెంటు పోతే సంపులోంచి పైట్యాంకుకు నీళ్లెక్కవు. మూడంతస్తుల మెట్లెక్కి బిందెలు మోయాలి. కరెంటాఫీసుకు పోయి అడిగితే "బిల్లు కట్టరు గానీ మస్తు మాట్లాడుతరు" అన్నడు ఒకాయన. సిగ్గుతో వాపసు వచ్చిన. మేం అడగొద్దా మేడమ్? – ఒక చెల్లెలు, బోరబండ

జవాబు: అడగాలి చెల్లీ. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, ఆ మాట అన్న మనిషి.

2024లో మొదలైన గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు జీరో బిల్లు వస్తుంది. అంటే ఆ కరెంటుకు ఎవరూ డబ్బు కట్టలేదని కాదు. నీ బదులు ప్రభుత్వం కడుతుంది. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే ఆ సొమ్ము పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్‌లో ఉంది. ఆ సొమ్ము ఎప్పుడొస్తుంది, ఎంతొస్తుంది అన్నది ప్రభుత్వానికీ సంస్థకూ మధ్య సంగతి. అది నీ మీద రుద్దే హక్కు కౌంటర్లో కూర్చున్నవాళ్లకు లేదు. జీరో బిల్లు వచ్చే ఇంటికి ఒక రకం సేవ, వేలల్లో బిల్లు కట్టే ఇంటికి ఇంకో రకం సేవ అని ఏ నిబంధనలోనూ లేదు.

మీటరు ఇంటి ఓనరు పేరున ఉంది, మేం కిరాయికి ఉన్నవాళ్లం అని కూడా జంకకు. కరెంటు కనెక్షన్ ఉన్న ఇంట్లో ఉండి వాడుకుంటున్న మనిషి కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. 1912కు నువ్వే ఫోన్ చేయొచ్చు, అర్జీ మీద నువ్వే సంతకం పెట్టొచ్చు. మీటరు మీద ఉన్న సర్వీసు నంబరు చెబితే చాలు.

నీళ్ల సంగతికి ఒక దారి చెబుతాను. మీ వాడకు నల్లా వచ్చే వేళ వాటర్ లైన్‌మన్‌కు తెలుసు. ఆ వేళలో మరమ్మతుల కోసం సరఫరా ఆపవద్దని వాడలోని ఆడవాళ్లంతా కలిసి ఏఈకి ఒక కాగితం రాసివ్వండి. పనుల కోసం ముందే అనుకుని ఆపేదైతే గంట అటూ ఇటూ జరపడం పెద్ద కష్టం కాదు. సెక్షన్‌లో ఉన్నప్పుడు నేనూ జరిపించాను. అయితే మోటారును నేరుగా నల్లా పైపుకు తగిలించవద్దు. అది నేరం, పైగా తడి నేల మీద ప్రాణానికే ముప్పు. సంపు దగ్గర స్విచ్ ముట్టుకునేటప్పుడు కాళ్లకు చెప్పులుండాలి.

ఈసారి ఆఫీసుకు ఒక్కదానివే వెళ్లకు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఎవరైనా అలా మాట్లాడితే పేరు అడిగి రాసుకోండి.

ప్రశ్న: వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఉన్నట్టుండి లైట్లు మామూలు కన్నా ఎక్కువగా వెలిగి, టీవీ, ఫ్రిజ్ బోర్డు, వైఫై పెట్టె కాలిపోయాయి. మా వరసలో చాలా ఇళ్లలో ఇదే జరిగింది. న్యూట్రల్ పోయిందని వచ్చిన లైన్‌మన్ చెప్పాడు. నష్టం ఎవరు భరించాలి? స్టెబిలైజర్ పెట్టుకుంటే సరిపోతుందా? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అంబర్‌పేట

జవాబు: మాస్టారూ, మీ లైన్‌మన్ చెప్పింది సరైనదే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ బయలుదేరతాయి. ఒక్కో ఇంటికి ఒక ఫేజు, అందరికీ ఉమ్మడిగా న్యూట్రల్. ఆ న్యూట్రల్ తీగ తెగినా, జాయింటు వదులైనా, ఏ ఇంటికి ఎంత వోల్టేజ్ వెళ్లాలన్నది ఆ క్షణంలో ఎవరింట్లో ఎంత లోడ్ ఉందన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఎక్కువ లోడ్ ఉన్న ఫేజు మీది ఇంట్లో బల్బులు మిణుకుమిణుకుమంటాయి. తక్కువ లోడ్ ఉన్న ఫేజు మీది ఇంటికి 300 వోల్టులు దాటి, ఒక్కోసారి 400 దగ్గరికి వచ్చేస్తుంది. టీవీ, ఫ్రిజ్ బోర్డులు తట్టుకోలేవు. వానాకాలం మొదట్లో ఇది ఎక్కువ. ఎండకు వదులైన పాత జాయింట్లు మొదటి గాలివానకు ఊగి తెగుతాయి.

లైట్లు విపరీతంగా వెలిగినా, ఒక్కసారిగా మసకబారినా ఏమైందోనని చూస్తూ నిలబడకుండా మెయిన్ స్విచ్ ఆపేయాలి. ఇంట్లో పిల్లలతో సహా అందరికీ ఈ సంగతి చెప్పి ఉంచండి.

స్టెబిలైజర్ ఈ ప్రమాదానికి సరిపోదు. దాని పరిధి దాటి వోల్టేజ్ వస్తే ముందు అదే కాలిపోతుంది. మీటరు తర్వాత, మెయిన్ దగ్గర, వోల్టేజ్ హద్దు దాటగానే సరఫరా తెంచేసి, మామూలయ్యాక కలిపే ప్రొటెక్టర్ పెట్టించండి. ఒక టీవీ బోర్డు మార్పించే ఖర్చుకన్నా తక్కువలోనే అవుతుంది. దానితోపాటు షాక్ నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోండి. అంబర్‌పేట పాత ఇళ్లలో ఎర్త్ గుంతలు పూడిపోయి ఉంటాయి. దాన్ని తవ్వించి, నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. కొందరు న్యూట్రల్ బాగా లేదని ఇంట్లో ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడేస్తారు. దాంతో బీరువా, గీజరు, కుళాయి ఏది ముట్టుకున్నా షాక్ కొట్టే పరిస్థితి వస్తుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయొద్దు.

ఇక నష్టపరిహారం. జాగ్రత్తగా నడిస్తే అడగడానికి బలమైన కారణం ఉంది, ఎందుకంటే మీటరు దాకా లైను బాధ్యత పంపిణీ సంస్థదే. అయితే రుజువు కావాలి. కాలిన బోర్డులు పారేయకండి. మెకానిక్ చేత ఎక్కువ వోల్టేజ్ వల్లే పాడైందని బిల్లు మీద రాయించండి. ఆ సాయంత్రం మీరు, పొరుగువాళ్లు చేసిన ఫిర్యాదుల నంబర్లు కలపండి. న్యూట్రల్ ఏ తేదీన, ఏ స్తంభం దగ్గర సరిచేశారో చెప్పమని ఏఈకి రాసి, జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. వరసలోని ఇళ్లన్నీ కలిసి ఒకే అర్జీతో ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లొచ్చు. లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అక్కడికైతే నష్టం జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి. పాఠాలు చెప్పిన చేతితో మీరే ఆ అర్జీ రాస్తే పొరుగువాళ్లందరికీ మేలు చేసినవారవుతారు.

ప్రశ్న: చిన్న గాలి వీస్తే చాలు, అల్వాల్‌లో మా ఫీడర్ పోతుంది. చెట్లు కొట్టడానికని నెలనెలా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆపుతారు, అయినా అంతే. మేమే కొమ్మలు నరికించుకోవచ్చా? – గృహిణి, అల్వాల్

జవాబు: వద్దమ్మా, 11 కేవీ తీగ దగ్గరికి మీరు పంపే కూలి మనిషి వెళ్లకూడదు. తీగను ముట్టుకోనక్కర్లేదు, తడి కొమ్మ చాలు. మామిడికాయలు కోసే ఇనుప గెడ తీగకు తగిలి ప్రాణాలు పోయిన ఇళ్లకు నేను వెళ్లాను. లైన్‌మెన్ కూడా ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని, సబ్‌స్టేషన్‌లో లైను ఆపించాకే ఎక్కాలి. మీకు చిరాకు తెప్పించే ఆ ఉదయపు కోత వాళ్ల ప్రాణానికి కాపలా.

కొమ్మ తగిలినప్పుడు ఫీడర్ ట్రిప్ కావడం మంచిదే, కాకపోతే తీగ తెగి వీధిలో పడుతుంది. ఆ కొమ్మ అక్కడ పెరగనివ్వడమే తప్పు. నెలనెలా ఆపుతున్నా పోతోందంటే కొట్టాల్సిన చోట కొట్టడం లేదన్నమాట. ఏ ఇంటి ముందు, ఏ చెట్టు, తీగకు ఎంత దగ్గరగా ఉందో ఫోటోలు తీసి స్తంభం నంబర్లతో ఇవ్వండి. కొమ్మలు తప్పించలేని వీధుల్లో తీగల స్థానంలో ఇన్సులేషన్ ఉన్న ఏబీ కేబుల్ వేయమని అడగండి.

స్తంభాలకు వేలాడే ఇంటర్నెట్, టీవీ కేబుళ్ల గురించీ కొందరు రాశారు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాతే నగరమంతా స్తంభాల మీది కేబుళ్లు తొలగించే పని ఊపందుకుంది. ఇంటర్నెట్ పోయిందని అప్పుడు చాలామంది కోప్పడ్డారు. ఆ కేబుళ్ల మధ్య నుంచి స్తంభం ఎక్కి పనిచేయాల్సిన మనిషి వైపు నుంచి కూడా ఆలోచించమని వేడుకుంటున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది నిజాంపేట. ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులమే ఎక్కువ. మీటింగ్ మధ్యలో కరెంటు పోతుంది, జనరేటర్ డీజిల్ ఖర్చు మెయింటెనెన్స్‌లో పెరుగుతూనే ఉంది. ఈ నెల నుంచి అపార్ట్‌మెంట్లన్నీ కలిసి బిల్లులు కట్టకూడదని అనుకుంటున్నాం. మొన్న కోపంలో కొందరు లైన్‌మన్‌ను రెండు గంటలు గేటు లోపలే ఆపేశారు కూడా. మీ సలహా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నిజాంపేట

జవాబు: మీ కోపం న్యాయమైనది, మీరు ఎంచుకున్న దారి మాత్రం కాదు. బిల్లు కట్టకపోతే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి కనెక్షన్ తీసేసే అధికారం 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ కింద సంస్థకు ఉంది. అప్పుడు మాట్లాడాల్సింది మీ ఫీడర్ గురించి కాక మీ బకాయి గురించి అవుతుంది. బిల్లు మొత్తం మీదే తగాదా ఉంటే నిరసన తెలుపుతూ కట్టే వీలు ఆ సెక్షన్‌లోనే ఉంది. మీ తగాదా సరఫరా మీద. కాబట్టి బిల్లు కట్టండి, రసీదులు అర్జీకి జత చేయండి.

లైన్‌మన్‌ను ఆపేయడం తప్పు. ఆయన కొత్త ఫీడర్ మంజూరు చేయలేడు. వానలో, రాత్రిపూట, కొన్నిసార్లు సరైన గ్లోవ్స్ కూడా లేకుండా స్తంభం ఎక్కే మనిషి ఆయన. మీ గేటు లోపల ఉన్న ఆ రెండు గంటలూ ఇంకో వీధి చీకట్లో ఉంది. మీ సంఘం ఆయనకు క్షమాపణ చెప్పాలని నా అభిప్రాయం.

మీ చేతిలో బలమైన సాధనం ఉంది, దాన్ని నగరంలో చాలా తక్కువమంది వాడుతున్నారు. ఛార్జీలు నిర్ణయించే ముందు విద్యుత్ నియంత్రణ మండలి పంపిణీ సంస్థ లెక్కల మీద బహిరంగ విచారణ జరుపుతుంది. ప్రకటన పత్రికల్లో వస్తుంది. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు, సంస్థ దానికి జవాబివ్వాలి, విచారణ రోజున నిలబడి మాట్లాడొచ్చు. ఏ సబ్‌స్టేషన్‌కు, ఏ ఫీడర్‌కు ఎంత ఖర్చు పెట్టబోతున్నారో అడిగే చోటు అదే. రైతు సంఘాల వాళ్లు, ఫ్యాక్టరీల వాళ్లు వస్తారు. ఇళ్లలో వాడుకునేవాళ్లు మాత్రం చాలా తక్కువమంది కనిపిస్తారు.

మీరంతా కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లు. ఒక షీట్ తెరిచి, మీ ఫీడర్ మీదున్న అపార్ట్‌మెంట్లన్నిటి నుంచీ కరెంటు పోయిన సమయం, వచ్చిన సమయం, ఫిర్యాదు నంబరు నింపండి. జనరేటర్ పుస్తకంలో వాచ్‌మన్ రాసే వేళలు మంచి సాక్ష్యం, అవి కూడా కలపండి. రెండు మూడు నెలల లెక్క చేతిలో ఉంటే డీఈ ముందైనా, వేదిక ముందైనా, మండలి ముందైనా అదే కాగితం పనికొస్తుంది. ఆ షీట్, అభ్యంతరం ముసాయిదా పత్రిక చిరునామాకు పంపండి. పంపే ముందు సాంకేతిక పదాలు, ఫీడర్ వివరాలు నేను సరిచూసి పెడతాను.